బర్నబీలో నాలుగు, హాలిఫాక్స్‌లో ఎనిమిది

"ఆ తలుపు మీద చెయ్యేస్తే నేను ఊరుకోను" అంది వాసంతి.

మధ్యాహ్నం పన్నెండున్నర. కెనడా తూర్పు ఒడ్డున, హాలిఫాక్స్ రేవుకు పైవీధిలో వారం రోజులకని తీసుకున్న ఇల్లు. తలుపుకు అవతల మా అమ్మాయి సాత్వికతో కలిపి పదిమంది వాలీబాల్ పిల్లలు కర్టెన్లు మూసుకొని పడుకున్నారు. మంచం దొరికినవాళ్లు మంచం మీద, దొరకనివాళ్లు కార్పెట్ మీద. ఒకరిద్దరు మోకాళ్ల పట్టీలు కూడా విప్పలేదు. తలుపుకు ఇవతల మా ఆవిడ, చేతిలో గరిటె.

"ఇప్పుడు లేపకపోతే రాత్రికి నిద్ర రాదు వాసంతీ. రాత్రి నిద్ర లేకుంటే రేపు పొద్దున మళ్ల ఇదే గతి."

"ఏడ్చి ఏడ్చి ఇప్పుడే కళ్లు మూశారు. లారీ తోలుకునే మీకు పిల్లల ప్రాణం ఏం తెలుస్తుంది?"

"లారీ తోలినోణ్ణి కాబట్టే తెలుసు."

పొద్దున ఎనిమిది గంటలకు జాతీయ పోటీల్లో మొదటి మ్యాచ్. గోడ గడియారం ఎనిమిదే చూపించింది. పిల్లల ఒళ్లు మాత్రం ఇంకా పడమటి ఒడ్డున మా బర్నబీలోనే ఉంది. అక్కడ అప్పుడు తెల్లవారుజామున నాలుగు. సొంత ఊళ్లో కుక్క కూడా కదలని వేళకు వీళ్లు ఇక్కడ ఎగిరి బంతి కొట్టాలి. మొదటి సెట్టు ఇరవై అయిదు, పద్నాలుగు. రెండోది ఇరవై అయిదు, పదకొండు. రెండూ పోయాయి.

కొట్టేవాళ్లు అడిగిన చోట, అడిగిన ఎత్తులో బంతిని నిలబెట్టే సెట్టర్ మా సాత్విక. అలాంటిది మూడుసార్లు నెట్‌కే కొట్టింది. నాలుగోసారి బంతి పడ్డాక అక్కడికి చేరి, ఖాళీ చేతులు పైకెత్తి నిలబడింది.

ఆ చేతులు చూశాకే నా నోరు జారింది. జిమ్‌లో అందరి ముందు కోచ్ జ్ఞానేంద్ర మీదికి పోయి, "బడిలో నేల తుడిచేటోడికి పిల్లల్ని అప్పజెప్పినం, మాది బుద్ధి తక్కువ" అన్నాను. జ్ఞానేంద్ర ఫిజీలో పుట్టిన తెలుగువాడు. పగలు బర్నబీలో ఒక హైస్కూల్లో క్లీనింగ్ పని, సాయంత్రం జీతం లేకుండా మా పిల్లలకు ఆట. ఏడో తరగతితో చదువు మానేసి స్టీరింగ్ పట్టుకున్న నేను ఇంకొకడి చీపురును ఎత్తిచూపాను.

సాయంత్రం అయిదింటికి రెండో మ్యాచ్. రేపు పొద్దున ఎనిమిదికే మూడోది. రెండూ గెలిస్తేనే ముందుకు. ఒకటి పోయినా పెట్టెలు సర్దుకోవడమే.

రవిశంకర్ వంటింట్లోంచి కాఫీ కప్పుతో వచ్చాడు. మధుమిత తండ్రి. బర్నబీలో పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేనేజరు. చంకలో టాబ్లెట్, వేలికి శనగగింజంత పగడపు ఉంగరం.

"పిల్లల నిద్ర సంగతి తర్వాత చూద్దాం నర్సింహ గారూ. ముందు ఇది చూడండి. పేరెంట్స్ అందరూ ఆన్‌లైన్‌లో సైన్ చేసేశారు. ఇంక మీ సంతకమే."

"ఏంది ఇది?"

"కోచ్‌ని పక్కన పెట్టాలని క్లబ్‌కి లెటర్. మ్యాచ్‌కి ముందురోజు దింపుతారా అండీ ఎవరైనా? కనీసం నాలుగు రోజులు ముందు తీసుకురావాలి. ఇది సైన్స్. ఒక టైమ్ జోన్‌కి ఒక రోజు చొప్పున బాడీకి టైమ్ ఇవ్వాలి. రేపు బెంచ్ దగ్గర కోచ్‌గా నేను నిలబడతాను. ఇంజనీరింగ్ కాలేజీ టీమ్‌లో ఆడినవాణ్ణే."

"ఎన్నేండ్లయింది ఆడి?"

"ఆట మర్చిపోతామా అండీ." కాఫీ ఒక గుక్క తాగాడు. "ఏడు గంటలకు అందరం కూర్చుందాం. అప్పుడు సైన్ చేద్దురుగాని."

వాసంతి మా ఇద్దర్నీ చూడకుండా గరిటె తీసుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. తలుపుకు కాపలా ఎందుకు వదిలేసిందో అప్పుడు నాకు తట్టలేదు.

*

జ్ఞానేంద్ర పెరటి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. పక్కన అన్నం పళ్లెం, మూత పెట్టినది పెట్టినట్టే ఉంది.

వాళ్ల తాతలది విశాఖపట్నం వైపట. తెలుగు అతనికి ఆజీ దగ్గర, అంటే నాయనమ్మ దగ్గర, నేర్చుకున్నంతే వచ్చు. మిగతా చోట్ల హిందీ, ఇంగ్లీషు పోసి నింపుకుంటాడు.

"కూచో భాయ్" అన్నాడు, పొద్దున నేనేమీ అననట్టు.

కూర్చోవడానికి నాకే ధైర్యం చాలలేదు. నిలబడే అన్నాను. "పిల్లల్ని లేపాలె. బయట ఎండ ఉంది. ఎండ మొహం మీద పడితేనే ఒంటికి ఇక్కడి టైమ్ ఎక్కుతది."

"నేనూ అదే సోచ్ చేస్తున్నా. ఫెర్రీ ఎక్కిద్దాం. హార్బర్ దాటి, మళ్లీ వద్దాం. డెక్ మీద నిలబెడితే ఎవరూ పడుకోరు."

"నువ్వే లేపొచ్చు గద?"

"నా మాట ఇంక ఎవరు వింటారు?"

నేను బర్నబీలో పోయిన శుక్రవారం లోడు ఎత్తుకొని బయల్దేరాను. మ్యాచ్ చూడాలని అడిగి మరీ ఈ వైపు లోడు వేయించుకున్నాను. రోడ్డు మీద టైము దొంగదెబ్బ కొట్టదు. కొండలు దాటాక ఒక గంట, మైదానాల్లో ఒక గంట, ఒంటారియోలో ఒక గంట, సముద్రం దగ్గరికొచ్చాక ఇంకో గంట. వారంలో నాలుగు గంటలు ముందుకు జరిగాయి, ఒళ్లు కూడా మెల్లగా వాటి వెనకే నడిచింది. తోలిన గంటలు లెక్కపెట్టే బండిలోని లాగ్‌లో మాత్రం ఎక్కడికి పోయినా బర్నబీ టైమే. బండి ఏ యార్డుదో ఆ యార్డు గడియారమే లెక్క. డ్రైవరు ఎక్కడ కునుకుతున్నాడో దానికి పట్టదు.

పిల్లలకు ఆ వారం దొరకలేదు. బుధవారం రాత్రి విమానం ఎక్కి, కూర్చునే తెల్లవారేసి, గురువారం మధ్యాహ్నం దిగారు. పడమటికి పోతే పర్వాలేదు. పొద్దుపోయేదాకా మేలుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. తూర్పుకు పోతేనే చిక్కు. నిద్ర రాని వేళకు నిద్రపొమ్మంటే ఎవడి తరం?

"బుధవారం ఎందుకు పెట్టినవ్ జ్ఞానేంద్రా? నీకు తెల్వదా?"

అతను పళ్లెం మీది మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"ముందు సీట్లు లేవు, భాయ్."

అబద్ధం ఆడటం అలవాటు లేనివాడు ఆడితే ఎలా ఉంటుందో అలా అన్నాడు. నేను గమనించాను, కాని నాకు అప్పుడు తొందర. లోపలికి వెళ్లి కర్టెన్లు లాగేశాను.

*

ఫెర్రీ డెక్ మీద గాలి చెంపల మీద కొడుతోంది. మే నెల ఎండ, వేడి లేదు గాని వెలుతురు నిండుగా ఉంది. పిల్లలు నన్ను తిట్టుకుంటూనే బారుగా రెయిలింగు పట్టుకొని నిలబడ్డారు. అవతల డార్ట్‌మత్ ఒడ్డు చేరేసరికి ఒకమ్మాయి నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ఇద్దరు చిప్స్ పొట్లం కోసం కొట్టుకున్నారు. జ్ఞానేంద్ర దిగనివ్వలేదు. "మళ్లీ ఇంకో రౌండ్" అన్నాడు.

సాత్విక మాత్రం ఒంటరిగా చివర నిలబడింది. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఏమైంది చేతులకు?"

"నథింగ్." చేతులు జేబుల్లో పెట్టుకొని తనే అంది. "బాల్ కనిపించింది డాడీ. ఐ సా ఇట్. హ్యాండ్స్ లేట్‌గా వచ్చాయి. వేరేవాళ్ల చేతుల్లా."

"అది నీ తప్పు కాదు బిడ్డా. నీ ఒంటికి అప్పుడు రాత్రి."

"అందరికీ రాత్రే కదా. నేను క్యాప్టెన్‌ని." ముక్కు తుడుచుకుంది. "మన ఊళ్లో కొండ మీద ఇంకో క్లబ్ ఉంది చూడు, వాళ్లదీ బర్నబీయే. వాళ్లు ఈ రోజు ఎనిమిదింటికే ఆడి గెలిచారు. దే కేమ్ ఆన్ మండే."

"సోమవారం సీట్లు లేవంటిరి?"

"అమ్మ లేవంది. వాళ్ల సెట్టర్ని అడిగా. ఫ్లైట్ హాఫ్ ఎంప్టీ అంట. మూడు సీట్ల మీద కాళ్లు చాపుకొని పడుకుందంట."

జట్టు మేనేజరు వాసంతి. టిక్కెట్లు, ఇల్లు, వంట అన్నీ ఆమె చేతి మీదుగా నడిచినవే. సగం ఖాళీ విమానంలో పదమూడు సీట్లు ఆమెకు ఎందుకు కనబడలేదు?

నాకు పోయిన వారం గుర్తొచ్చింది. నేను శనివారం బయల్దేరాల్సినవాణ్ణి. వాసంతి ఒప్పుకోలేదు. లోడ్లు పంపే డిస్పాచ్ ఆఫీసుకు నా చేత ఫోన్ చేయించి శుక్రవారమే బండి తీయించింది. కారణం అడిగితే "వాన పడుతుందట" అంది. శనివారం. ఇప్పుడు సోమవారం. రెండూ తూర్పు ప్రయాణాలే.

సోమ, శని వారాలు తూర్పుకు శూల. ఆ రోజుల్లో ఆ దిక్కుకు బయల్దేరితే చెడు జరుగుతుందని మా అమ్మ కూడా అనేది. నేను నవ్వి వదిలేసిన మాట నా ఇంట్లోనే కాపురం చేస్తోందన్నమాట.

వాసంతి కింద క్యాబిన్‌లో కిటికీ పక్కన ఒక్కతే కూర్చుంది. ఎదురుగా కూర్చున్నాను.

"సోమవారం టిక్కెట్లు ఉన్నయి."

ఆమె నీళ్లకేసి చూసింది.

"ఉన్నాయి" అంది.

"శూల అని వద్దన్నవ్."

"అవును."

"వాసంతీ, వాళ్లు ప్లేన్ ఎక్కిన్రు. ఎడ్లబండి కాదు."

"మీరు ఎక్కింది కూడా ఎడ్లబండి కాదు." ఆమె గొంతు పెరగలేదు. "మూడేళ్ల కిందట కొండల్లో రెవెల్‌స్టోక్ దాటాక మంచు మీద మీ బండి ఒరిగిపోయింది. పక్కటెముకలు మూడు. హాస్పిటల్ వాళ్లు ఫోన్ చేస్తే నాకు ఇంగ్లీషు అర్థం కాలేదు, సాత్వికకు ఇచ్చాను. పద్నాలుగేళ్ల పిల్ల విని నాకు చెప్పింది. అది ఏ వారమో మీకు గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. నొప్పి గుర్తుంది.

"సోమవారం. మీరు తూర్పుకు వెళ్తున్నారు. పదిమంది పిల్లల్ని నా చేతులతో ఆ రోజే ఎక్కించమంటే నా వల్ల కాలేదు. తప్పే. పొద్దున సాత్విక చేతులు ఎత్తుకొని నిలబడినప్పుడే తెలిసింది ఎంత తప్పో."

"జ్ఞానేంద్రకు తెలుసా?"

"చెప్పాను. కోప్పడతారనుకున్నా. వాళ్ల ఆజీ కూడా ఇలాగే చేసేదట. 'సీట్లు లేవని చెప్దాం చెల్లెమ్మా, నీ పేరెందుకు' అన్నారు."

నేను నేల తుడిచేవాడన్న మనిషి అతను.

"మరి మంగళవారమన్నా రావద్దా? ఒక రోజు కలిసొచ్చేది గద. అదీ నువ్వే ఆపినవా?"

వాసంతి చీర కొంగు సర్దుకుంది.

"ఆ సంగతి నన్నడక్కండి" అంది.

పైన డెక్ మీద పిల్లలు దేనికో ఒక్కసారి గొల్లున నవ్వారు. మేమిద్దరం ఆ నవ్వు కిందే కూర్చున్నాం.

*

అయిదింటి మ్యాచ్ గెలిచాం. ఇక్కడి అయిదు అంటే పిల్లల ఒంటికి మధ్యాహ్నం ఒంటిగంట. పొద్దుటి చేతులే, పొద్దుటి నెట్టే. బంతి మాత్రం చెప్పిన చోటికి వెళ్లి నిలబడింది. నెట్ ముందు మధుమిత ఎగిరి కొట్టిన ప్రతి దెబ్బకూ సాత్విక వేలు చూపించి నవ్వింది. ఆ పిల్లలకు తండ్రుల గొడవ తెలియదు.

ఏడింటికి డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నాం. కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. పిల్లల్ని పైకి పంపించామనుకున్నాం గాని మెట్ల మీద సాక్సు వేసుకున్న కాళ్లు ఒక వరుస కనబడుతూనే ఉంది.

"ఈ గెలుపు ఎమోషనల్" అన్నాడు రవిశంకర్ టాబ్లెట్ తెరుస్తూ. "రేపు ప్రొఫెషనల్‌గా వెళ్లాలి. ప్రయాణం ప్లానింగ్‌లో కోచ్ పూర్తిగా ఫెయిలయ్యాడు, అదే రాశాను. కోచ్ గారూ, మీకేమైనా చెప్పాలనుందా?"

జ్ఞానేంద్ర అరచేతులు బల్ల మీద పెట్టాడు. బ్లీచ్ తిని తెల్లబడిన వేళ్లు.

"టిక్కెట్లకి నేను హా అన్నా. రాయండి."

"చూశారుగా." రవిశంకర్ టాబ్లెట్, దాని కలం నా ముందుకు జరిపాడు. "ఇక్కడ సైన్ చేయండి."

నేను కలం పట్టుకున్నాను. లాగ్‌బుక్ మీద తప్ప సంతకం చేసే అలవాటు లేనివాణ్ణి.

"ముందు ఒక మాట" అన్నాను. "పొద్దున జిమ్‌ల జ్ఞానేంద్రను నేనొక మాటన్న. ఆ మాట తప్పు. అందరి ముందే అన్న గనక అందరి ముందే చెప్తున్న."

జ్ఞానేంద్ర తల ఎత్తలేదు. "ఛోడో భాయ్" అన్నాడు బల్లతో.

"రెండో మాట. ఈ కాగితం మీద పేరు తప్పున్నది."

"అంటే?"

"టిక్కెట్లు ఆపింది ఈయన కాదు."

"మరి ఎవరండీ?"

అక్కడే నా నోరు ఆగిపోయింది. పొద్దున అక్కర్లేనప్పుడు అంత తేలిగ్గా తెరుచుకున్న నోరు. వంటింట్లో వాసంతి వీపు కనబడుతోంది. మెట్ల మీద సాత్విక మోకాళ్లు కనబడుతున్నాయి. చెబితే పిల్లకు తల్లి మీద నమ్మకం పోతుంది, చెప్పకపోతే కోచ్ పోతాడు. కుక్కర్ మీట టక్కుమని పైకి లేచింది.

వాసంతి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"నేను ఆపాను, రవిశంకర్ గారూ. సోమవారం సీట్లు ఉన్నాయి. తూర్పుకు శూల అని నేనే లేవని చెప్పాను. కోచ్ గారు నా కోసం మాట పడ్డారు."

మెట్ల మీద కాళ్లు కదిలాయి. సాత్విక కిందికి వచ్చింది.

"వాట్ ఈజ్ శూల?"

మాలో ఎవరికీ దానికి ఇంగ్లీషు తెలియదు. చివరికి జ్ఞానేంద్రే చెప్పాడు, నెమ్మదిగా. "సమ్ డేస్, నాట్ దట్ డైరెక్షన్. ఓల్డ్ పీపుల్స్ థింగ్. మై ఆజీ టూ."

సాత్విక తల్లినే చూస్తోంది.

"మూడుసార్లు నెట్‌కి కొట్టాను అమ్మా. నాకే ఆట రాదనుకున్నా. పొద్దుటి నుంచీ అదే అనుకుంటున్నా."

వాసంతి చెయ్యి చాపింది. సాత్విక ఒక అడుగు వెనక్కి వేసింది. చాపిన చెయ్యి నా కుర్చీ మీద దిగింది. ఆ బరువు నా భుజానికి తెలిసింది.

రవిశంకర్ తల అటూ ఇటూ ఊపాడు. "ఏమిటండీ వాసంతి గారూ. ఈ రోజుల్లో కూడానా? కెనడాలో ఉండి, పిల్లల ఫ్యూచర్‌తో… సరే. ఇది క్లబ్‌కి తెలియాలి. కోచ్‌తో పాటు మీ పేరు కూడా రాయాల్సి వస్తుంది. సారీ." నా చేతిలోంచి కలం తీసుకున్నాడు.

"రాయండి" అంది వాసంతి. "సోమవారం అని రాసి పక్కన నా పేరు రాయండి. దాని కింద మంగళవారం అని రాయండి."

రవిశంకర్ కలం ఆగింది.

"సోమవారం వద్దన్నాక కోచ్ గారు మంగళవారం టిక్కెట్లు చూశారు. పదమూడు సీట్లూ దొరికాయి. బుక్ చేయబోతుంటే నాకు ఫోన్ వచ్చింది. 'మంగళవారం ప్రయాణమా అండీ, మా అమ్మ ఒప్పుకోదు, మధుమిత జాతకంలో అసలే కుజుడు బాగాలేడు, నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి' అన్నారు. ఇప్పటిదాకా నేను రానివ్వలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు." ఆమె గొంతు అప్పటికీ పెరగలేదు. "మంగళవారం పక్కన ఎవరి పేరు రాయాలో మీకే తెలుసు."

మెట్ల మీద మిగిలిన కాళ్లలోంచి ఒక జత లేచి నిలబడింది. మధుమిత. ఇంకా జెర్సీ కూడా మార్చుకోలేదు.

"నాన్నా?" అంది.

రవిశంకర్ బొటనవేలు పగడపు ఉంగరాన్ని ఒక చుట్టు తిప్పింది. తెర మీద సంతకం కోసం వదిలిన గీత వెలుగుతూనే ఉంది.

జ్ఞానేంద్ర కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. తన పళ్లెం తనే తీసుకొని వంటింటి వైపు నడుస్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"రేపు అయిదింటికి పిల్లల్ని లేపాలి. ఇప్పుడు తిని, లైట్లు ఆపేస్తేనే వాళ్లకి నిద్ర. లేపేది నేనా, మీరా? తొందరగా తేల్చండి."

రవిశంకర్ కలం తెర మీద ఆనలేదు, జేబులోకీ పోలేదు.